మనవడి ఊపిరిలో చప్పుడు... కూతురికి చెప్పాలా, వద్దా?

ఈసారి ఉత్తరం ఒక అమ్మమ్మది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు. సారాంశం ఇదీ.

ఆవిడకు 59 ఏళ్లు. కూతురు, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్థులు. అయిదేళ్ల మనవణ్ని పుట్టినప్పటి నుంచి పగలంతా సాకింది ఆవిడే. వాడికి రెండేళ్లప్పుడు ఒకసారి, మూడున్నరేళ్లప్పుడు మరోసారి జలుబు చేసి, రాత్రివేళ ఉన్నట్టుండి కుక్క మొరిగినట్టు దగ్గు వచ్చింది. రెండుసార్లూ డాక్టరు క్రూప్ (వైరస్ వల్ల స్వరపేటిక దగ్గర వచ్చే వాపు) అన్నారు. ఒక్క మోతాదు స్టెరాయిడ్ మందు తాగించారు. తెల్లారేసరికి పిల్లవాడు లేచి ఆడుకున్నాడు.

మూడోసారి రెండున్నర నెలల కిందట. కూతురు, అల్లుడు పనిమీద వేరే ఊరు వెళ్లిన రోజు. అప్పటికి నాలుగు రోజులుగా జలుబు ఉంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, అదే దగ్గు మొదలైంది. ఫోన్ చేస్తే కూతురు "ఇదివరకు కూడా ఇలాగే వచ్చి తగ్గింది కదమ్మా, పొద్దున చూపిద్దాం" అంది. రాత్రి పదకొండుకు జ్వరం 103 దాటింది. ఆవిడ జ్వరం మందు వేసి, బాత్రూమ్‌లో వేడినీళ్లు వదిలి, వాణ్ని ఒళ్లో పెట్టుకుని ఆవిరిలో కూర్చున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి వాడు నిద్రలో కూడా చప్పుడు చేస్తూ ఊపిరి లాగుతున్నాడని, డొక్కలు ఎగరేస్తున్నాడని గమనించి ఆస్పత్రికి పరిగెత్తారు. అక్కడ నెబ్యులైజర్ పెట్టినా, ఇంజెక్షన్ ఇచ్చినా గుణం కనిపించలేదు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చి కెమెరా గొట్టంతో చూస్తే శ్వాసనాళం నిండా చిక్కటి చీము, ఊడివస్తున్న పొరలు. వాటిని తీసేసి, ట్యూబు వేసి, ఏడు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. బ్యాక్టీరియల్ ట్రెకియైటిస్ అని, అంటే శ్వాసనాళానికి బ్యాక్టీరియా సోకి చీము పట్టిందని చెప్పారు. పిల్లవాడు కోలుకుని ఇంటికి వచ్చాడు.

ఐసీయూ బయట అల్లుడు ఒక్క మాట అన్నాడు: "రాత్రే తీసుకొచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు." మళ్లీ ఎప్పుడూ అనలేదు. కూతురు అసలేమీ అనలేదు. ఇంట్లో ఒక ఆయాను పెట్టారు. ఆదివారాలు ఈవిడ వెళితే మర్యాదకేమీ లోటు లేదు. పిల్లవాణ్ని మాత్రం ఆవిడ దగ్గర ఒంటరిగా వదలడం లేదు. పక్కింటివాళ్లేమో ఫ్యాను కింద పడుకోబెట్టడం వల్లే ఇదంతా అన్నారు. ఇప్పటికీ నాలుగింటికి మెలకువ వచ్చేస్తోందని రాశారు. అడిగినవి నాలుగు: అల్లుడు అన్నది నిజమేనా? అది పాత దగ్గు కాదని నాకెలా తెలిసేది? మళ్లీ వస్తుందా? మనవణ్ని నా దగ్గర వదలమని అడగనా, తప్పుకోనా?

చివరి పేజీ అడుగున ఇంకో వాక్యం ఉంది. "రెండు వారాలుగా వాడు మెట్లెక్కినా, పరిగెత్తినా గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వస్తోంది. నాకొక్కదానికే వినపడుతోందేమో, మళ్లీ ఏదో ఒకటి అంటోందనుకుంటారని చెప్పలేదు."

*

అమ్మా,

మీరు అడిగిన నాలుగింటికీ జవాబు రాస్తాను. అంతకంటే ముందు మీరు అడగకుండా వదిలేసిన ఆ చప్పుడు సంగతి. ఉత్తరం మొత్తంలో ఆగలేనిది అదొక్కటే. మిగతావి ఇంకో నెల ఆగినా మునిగిపోయేదేమీ లేదు.

పిల్లవాడికి ఏడు రోజులు గొంతులో ట్యూబు ఉంది. శ్వాసనాళాన్ని తెరిచి నిలబెట్టేవి మృదులాస్థి రింగులు. అవి గుర్రపునాడాల్లా వెనకవైపు తెరుచుకుని ఉంటాయి. కానీ స్వరపేటిక కింద, సరిగ్గా శ్వాసనాళం మొదలయ్యే చోట ఉన్న రింగు ఒక్కటి పూర్తి వలయం. దానికి సాగే వీలు లేదు. ట్యూబు రోజుల తరబడి అక్కడ ఒత్తుకుంటే లోపలి పొరకు రక్తం సరిగా అందక పుండు పడవచ్చు. పుండు మానేటప్పుడు మచ్చ కడుతుంది, మచ్చ బిగుసుకుంటుంది, దారి ఇరుకవుతుంది. ట్యూబు తీసిన రోజున ఇది తెలియకపోవచ్చు. వారాలు, ఒక్కోసారి నెలలు గడిచాక బయటపడుతుంది. మొదట పరుగులు పెట్టినప్పుడు, ఆ తర్వాత జలుబు చేసినప్పుడల్లా, బాగా ముదిరితే ఊరికే కూర్చున్నప్పుడు కూడా చప్పుడు వస్తుంది.

ట్యూబు వేసిన పిల్లల్లో ఎక్కువ మందికి ఇలా జరగదు. మీ మనవడి చప్పుడు ఇదేనని ఉత్తరం చదివి తేల్చి చెప్పను. ఆస్తమా కావచ్చు, ట్యూబు ఒరుసుకున్న చోట చిన్న కండ పెరిగి ఉండవచ్చు, అంత పెద్ద జబ్బు తర్వాత తగిలిన ఏదో చిన్న జలుబు కావచ్చు. అయితే శ్వాసనాళానికి అంత ఇన్‌ఫెక్షన్ వచ్చి, అన్ని రోజులు ట్యూబు ఉండి, రెండు నెలల తర్వాత కొత్తగా చప్పుడు మొదలైందంటే ఏ డాక్టరూ చూద్దాంలే అనకూడదు. ఈ వారంలోనే చూపించాలి.

ఆదివారం దాకా ఆగకుండా ఏదో ఒక వంకతో రేపో ఎల్లుండో వెళ్లండి. వాడు మెట్లెక్కి వచ్చాక పక్కన కూర్చుని వినండి. చప్పుడు ఊపిరి లోపలికి లాగేటప్పుడు వస్తోందా, బయటికి వదిలేటప్పుడా? వదిలేటప్పుడు ఛాతీ లోతుల్లోంచి సన్నగా వచ్చేవి పిల్లికూతలు. అవి సాధారణంగా ఊపిరితిత్తుల లోపలి సన్నని గొట్టాలవి, ఆస్తమాలో వినిపించేవి. మెడ దగ్గర నుంచి, లాగేటప్పుడు గీరుకుంటున్నట్టు వస్తే అది పైదారి చప్పుడు. లాగినప్పుడూ వదిలినప్పుడూ రెండింటా వస్తే ఇరుకు శ్వాసనాళంలోనో, దాని మొదట్లోనో ఉందని గట్టిగా అనుమానించాలి. ఫోన్‌లో వీడియో తీయండి. చొక్కా తీసేసి, గడ్డం నుంచి పొట్ట దాకా కనిపించేలా, మీరు మాట్లాడకుండా అర నిమిషం తీస్తే చాలు. డాక్టరు గదిలో కుర్చీ మీద కుదురుగా కూర్చున్న పిల్లవాడు చప్పుడే చేయడు. అప్పుడు మీ మాట ఒక్కటే మిగులుతుంది, ప్రస్తుతం మీ మాట మీద మీకే నమ్మకం లేదు.

వీడియో తీసే లోపే కూర్చున్నవాడికి కూర్చున్నట్టు చప్పుడు వస్తున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, ఒక్క వాక్యం చెప్పడానికి రెండుమూడు సార్లు ఊపిరి తీసుకుంటున్నా, డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

చూపించాల్సింది ట్యూబు వేసిన ఆస్పత్రి పిల్లల డాక్టరుకు, పిల్లల గొంతు సమస్యలు చూసే ఈఎన్‌టీ డాక్టరుకు. "ఏడు రోజులు ట్యూబు ఉంది, తీసి రెండు నెలలైంది, ఇప్పుడు చప్పుడు వస్తోంది" అన్న ముక్క మొదట చెప్పాలి. అది చెప్పకపోతే దగ్గు మందు రాసి పంపే ప్రమాదం ఉంది. ముక్కులోంచి సన్నని గొట్టం పంపి స్వర తంత్రులు ఎలా కదులుతున్నాయో మెలకువలోనే చూడవచ్చు. వాటి కింద ఏముందో సరిగా చూడాలంటే మత్తు ఇచ్చి చూడాలి. ఇరుకు కొద్దిగా ఉంటే మందులు ఇచ్చి, కొంతకాలం గమనిస్తూ ఊరుకోవచ్చు. అంతకంటే ఎక్కువైతే బెలూన్ పంపి వెడల్పు చేస్తారు. మచ్చ లేతగా ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది, గట్టిపడ్డాక మొరాయిస్తుంది. మరీ మూసుకుపోయే స్థితి వస్తే పక్కటెముక నుంచి మృదులాస్థి ముక్క తీసి, అక్కడ అతికి, దారి పెంచే ఆపరేషన్ ఉంది. చప్పుడును ఇప్పుడు పట్టుకోవడానికీ, ఆరు నెలల తర్వాత పట్టుకోవడానికీ మధ్య ఇంత తేడా ఉండవచ్చు కాబట్టే మీ ప్రశ్నల వరుస మార్చాను.

ఇక మీ అల్లుడి మాట.

క్రూప్ అంటే వైరస్ వల్ల స్వరపేటిక, దాని కిందనున్న శ్వాసనాళం లోపలి పొర వాయడం. ఎక్కువగా పారాఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్ వల్ల, ఎక్కువగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు పిల్లల్లో వస్తుంది. వాళ్ల దారి ఎంత సన్ననిదంటే, 4 మిల్లీమీటర్ల వెడల్పున్న చోట చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా గాలి వెళ్లే జాగా నాలుగో వంతుకు పడిపోతుంది. పెద్దవాళ్లలో అదే వాపు గొంతు నొప్పిగానో, పొడి దగ్గుగానో పోతుంది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒక్క మోతాదు ఆ వాపును కొన్ని గంటల్లో దించుతుంది. ఇది మీరు రెండుసార్లు కళ్లారా చూశారు.

మూడోసారి వచ్చిన జబ్బుకు కూడా మొదలు అదే: జలుబు, బొంగురు గొంతు, అదే దగ్గు. వైరస్ దెబ్బతీసిన పొర మీద బ్యాక్టీరియా, ఎక్కువసార్లు స్టెఫైలోకాకస్ ఆరియస్, తిష్ఠ వేస్తుంది. తర్వాత పరిస్థితి గంటల్లోనే మారిపోవచ్చు. వాపుకు తోడు చీము, చనిపోయిన పొర తునకలు నాళంలో పేరుకుంటాయి. స్టెరాయిడ్ వాపును దించగలదు గానీ చీమును తీసేయలేదు. ఆస్పత్రిలో నెబ్యులైజర్‌కు లొంగకపోవడమే వాళ్లకు మొదటి ఆచూకీ అయి ఉంటుంది. ఇది చాలా అరుదైన జబ్బు. ఈ పేరు వైద్యుల నోళ్లలో స్థిరపడిందే 1979 తర్వాత. ఏళ్ల తరబడి పిల్లల వైద్యం చేసినవాళ్లు కూడా కొద్దిమందినే చూసి ఉంటారు. పేరు కూడా వినని జబ్బును మీరు అర్ధరాత్రి గుర్తుపట్టలేదని మీ మీద మీరే నేరం మోపుకుంటున్నారు.

ఆ రాత్రిని గంటల వారీగా చూద్దాం. సాయంత్రం నుంచి పదకొండు దాకా మీరు చేసినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ వేళకు ఆస్పత్రికి వెళ్లినా క్రూప్ అనే రాసి, మందు తాగించి, కాసేపు ఉంచుకుని ఇంటికి పంపే అవకాశమే ఎక్కువ. పదకొండు నుంచి నాలుగు దాకా సంగతి వేరు. జ్వరం 103 దాటింది, పిల్లవాడు నీరసించాడు, ఆవిరి పట్టినా తెరిపి లేదు. అప్పుడే బయలుదేరి ఉండాల్సింది. ఇది మెత్తగా చెప్పి మిమ్మల్ని ఊరడించడం నాకిష్టం లేదు, మీరు నమ్మరు కూడా. అంతవరకు మీ అల్లుడి మాటలో నిజం ఉంది.

"ఇంతదాకా వచ్చేది కాదు" అన్న సగం మాత్రం నిలవదు. పదకొండింటికి చీము అప్పటికే పడుతూ ఉంటుంది. ఈ జబ్బు బాగా పట్టిన పిల్లల్లో ఎక్కువ మందికి ఎప్పుడు వెళ్లినా ట్యూబు వేయాల్సే వస్తుంది. యాంటీబయాటిక్ పట్టు సాధించడానికి రోజులు పడుతుంది, అప్పటిదాకా దారిని ఎలాగో తెరిచి ఉంచాలి. అయిదు గంటలు ముందు వెళితే కంగారు తగ్గేది, దారి మధ్యలో ఊపిరి ఆగిపోయే ప్రమాదం తప్పేది. ఆ ప్రమాదం జరగలేదు. నాలుగింటికి వాడి డొక్కలు చూసి, ఇంకెవర్నీ అడగకుండా తీసుకెళ్లారు కాబట్టి జరగలేదు. అల్లుడు ఆ మాట అన్నది ఐసీయూ గుమ్మంలో నిలబడి. అక్కడ నిలబడ్డ తండ్రులు ఎవరో ఒకరిని అనకుండా ఉండలేరు. డాక్టర్లను, నర్సులను, లిఫ్టు రాలేదని వాచ్‌మన్‌ను కూడా అంటారు. ఆ రోజు మీరు దగ్గర్లో ఉన్నారు.

ఫ్యాను మాట వదిలేయండి. గాలికి బ్యాక్టీరియా పుట్టదు. పైగా క్రూప్ విషయంలో చల్లగాలి మేలే చేస్తుంది. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో, మందు ఇచ్చాక అరగంట చల్లని ఆరుబయట ఉన్న పిల్లలు గదిలో ఉన్నవాళ్లకంటే త్వరగా తేరుకున్నారు. ఆవిరి సంగతి దీనికి తిరగేసి ఉంది. అందరూ పట్టమంటారు, పరీక్షించి చూస్తే క్రూప్‌కు దానివల్ల ఉపయోగం తేలలేదు. వేడినీళ్లు ఒలికి కాలిన పిల్లలు మాత్రం ఆస్పత్రులకు వస్తుంటారు. ఏదో ఒక వైద్యం జరుగుతోందన్న భ్రమలో గంటలు గడిచిపోవడం దాని రెండో నష్టం. ఇక మీద ఆవిరి వద్దు.

ఎలా తెలిసేది అని అడిగారు. దగ్గు చప్పుడు విని ఈ రెండింటినీ మీరు విడదీయలేరు, నేనూ విడదీయలేను. పిల్లవాడి వాలకం చూడాలి. మామూలు క్రూప్ వచ్చినవాడు దగ్గుకూ దగ్గుకూ మధ్య బొమ్మ అడుగుతాడు. ఏడ్చినప్పుడు ఊపిరి గీరుకుంటుంది, ఎత్తుకుని ఊరుకోబెడితే తగ్గుతుంది. జ్వరం ఉన్నా పెద్దగా ఉండదు. చీము పట్టినవాడు డీలా పడిపోతాడు, జ్వరం పెరుగుతుంది, ఊరికే ఉన్నప్పుడూ నిద్రలోనూ చప్పుడు వస్తుంది, మందు పడ్డా కొన్ని గంటల్లో రావాల్సిన తేడా రాదు. ఇదివరకటిలా తగ్గడం లేదన్నదే అన్నిటికంటే పెద్ద గుర్తు. అది తెలియడానికి కొంతసేపు చూడక తప్పదు. ఆ కొంతసేపు ఎంత అన్నదే చిక్కంతా. పిల్లవాడు డీలా పడ్డాడనిపిస్తే, కూర్చున్నప్పుడు చప్పుడు వస్తే, అసలు ఆగనక్కర్లేదు.

ఇంకో రెండు విషయాలు చెప్పి ముందుకు పోతాను. చొంగ కారుస్తూ, మింగలేక, ముందుకు వంగి గడ్డం ఎత్తి కూర్చుంటే నాలుక మొదలు వెనక, స్వరపేటిక మీద ఉండే మూత వాచి ఉండవచ్చు. అలాంటప్పుడు చెంచా పెట్టి గొంతులోకి చూడకూడదు, బలవంతంగా పడుకోబెట్టకూడదు, ఒళ్లో కూర్చోబెట్టుకుని అలాగే తీసుకెళ్లాలి. రెండోది మోసం చేసేది: ఆయాసపడుతున్న పిల్లవాడి చప్పుడు తగ్గి, వాడు మగతగా అవుతుంటే తగ్గుముఖం పట్టిందనుకోకూడదు. అలసిపోయి గాలి లాగడం తగ్గిందేమో చూడాలి. అది అన్నిటికంటే ప్రమాదం.

మళ్లీ వస్తుందా అంటే, ఈ జబ్బే రెండోసారి రావడం చాలా అరుదు. క్రూప్ మాత్రం రావచ్చు. వయసు పెరిగే కొద్దీ దారి వెడల్పవుతుంది కాబట్టి అదీ తగ్గుతుంది. ఈ చీము ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లలో చాలామందికి ముందు ఫ్లూ వచ్చి ఉంటుంది కనుక ఏటేటా ఫ్లూ టీకా వేయించడం మంచిది. మామూలు టీకాల్లో ఏదైనా మిగిలిపోయిందేమో కార్డు చూడమనండి. గొంతులో పొర కట్టే డిఫ్తీరియా, గొంతులోని ఆ మూతను వాచేలా చేసే హెచ్ఐబీ అనే బ్యాక్టీరియా, కోరింత దగ్గు, మూడింటికీ టీకాలున్నాయి. ఆ చప్పుడు నిజంగా ఇరుకు వల్లే అయితే మాత్రం, ప్రతి జలుబూ క్రూప్‌లా కనిపిస్తుంది. మళ్లీ వచ్చిందంటూ నెలల తరబడి స్టెరాయిడ్ తాగిస్తూ పోయే ముప్పు ఉంది.

ఇప్పుడు మీ అమ్మాయి.

ఉత్తరంలో ఫోన్ సంగతి ఒక్క ముక్కలో దాటేశారు. "పొద్దున చూపిద్దాం" అన్నది తను. అల్లుడి మాట అర పేజీ రాసి, అది మాత్రం గబుక్కున తప్పించారంటే తనను కాపాడుకోవడానికేనని నాకు తోచింది. మీరు దాటేసినంత తేలిగ్గా తను దాటేయలేదు. ఊళ్లో లేని రోజున తన నోటి నుంచి వచ్చిన మాట అది. మిమ్మల్ని చూసినప్పుడల్లా తనకు గుర్తొచ్చేది మీ తప్పు కాకపోవచ్చు, ఆ ఫోన్ కావచ్చు. ఇది నా ఊహే, తప్పు కూడా కావచ్చు. పిల్లలు ఐసీయూలో ఉండి వచ్చిన తల్లిదండ్రులకు నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, చిన్న దగ్గుకే ఉలిక్కిపడటం, పిల్లవాణ్ని కళ్ల ముందు నుంచి కదలనివ్వకపోవడం మాత్రం ఊహ కాదు, తరచుగా జరిగేదే. ఆయాను పెట్టడం మీకు వేసిన శిక్ష అని మీరు అర్థం చేసుకున్నారు. జీతం తీసుకునే మనిషికైతే ఏం చేయాలో చెప్పవచ్చు, గట్టిగా అడగవచ్చు, తల్లికి అలా చెప్పలేరు. బహుశా అంతే.

చప్పుడు సంగతి చెప్పడానికి మీకు దారులున్నాయి. నేరుగా అమ్మాయికే ఫోన్ చేయడం ఒకటి. "మెట్లెక్కినప్పుడు వాడి గొంతులో చప్పుడు విన్నాను, రెండు వారాలైంది, వీడియో తీశాను, ట్యూబు తర్వాత ఇలా వస్తే చూపించాలట" అని నాలుగు ముక్కల్లో చెప్పండి. "రెండు వారాలా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని తను కోప్పడవచ్చు. కోప్పడనివ్వండి. "చెప్పడానికి భయపడ్డాను" అనడానికి మీరు సిద్ధపడితే, రెండు నెలలుగా మీ మధ్య ఎవరూ అనని మాట ఒకటి బయటికి వస్తుంది. అల్లుడికి చెప్పడం రెండో దారి. ఆస్పత్రి పనులు ఆయనే చూస్తుంటే పని త్వరగా అవుతుంది. కానీ తనను పక్కనబెట్టి మాట్లాడారని అమ్మాయికి కష్టం కలగవచ్చు. ఇద్దరికీ వీడియో పంపడం మూడోది. కళ్లతో చూసేది కాబట్టి వాదన ఉండదు, అయితే మాట లేకుండా అది ఒక్కటే వెళితే ఆఫీసులో ఉన్న తల్లి గుండె జారుతుంది. పంపిన వెంటనే ఫోన్ చేయాలి. నన్నడిగితే మొదటిదీ మూడోదీ కలిపి చేయమంటాను. వచ్చే చెకప్ దాకా చూద్దాం అనే నాలుగో దారి కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. చెకప్ రెండు మూడు రోజుల్లో ఉంటే సరే, లేదంటే అది నాకు సమ్మతం కాదు.

ఒక్కటి మాత్రం చేయకండి. చప్పుడు సంగతి, వాణ్ని నా దగ్గర వదలండన్న మాట ఒకే సంభాషణలో పెట్టకండి. పెడితే మొదటిది రెండోదానికి బేరంలా వినిపిస్తుంది, రెండూ చెడతాయి.

వాణ్ని చూసుకునే విషయం పరీక్ష అయ్యాక, ఫలితం తెలిశాక. అప్పుడు ఇదివరకటిలాగే పూర్తిగా మీకు వదిలేయమని అడగవచ్చు. ఒప్పుకున్నా, మొదటి జలుబుకే అందరి గుండెలూ దడదడలాడి, మీకు గంటకో ఫోన్ వస్తుంది. దాన్ని భరించగలరా, ఆలోచించుకోండి. మెల్లగా మొదలుపెట్టడం ఇంకో పద్ధతి. ఆయా ఉండగానే సాయంత్రాలు మీరు ఉండటం, తర్వాత ఒక పూట మీరొక్కరే. కాలం పడుతుంది, మధ్యమధ్య చిన్నబుచ్చుకునే సందర్భాలు వస్తాయి, కానీ వెనక్కి పోయే అవకాశం తక్కువ. కొన్నాళ్లు తప్పుకోవడం కూడా తప్పేమీ కాదు, మీకు నిజంగా భయంగా ఉంటే. అయితే కారణం చెప్పి తప్పుకోండి. చెప్పకుండా తప్పుకుంటే, అలిగారని వాళ్లు, అక్కర్లేదనుకున్నారని మీరు, ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు.

ఏ దారైనా, వాడితో మీరు ఒంటరిగా ఉండే రోజు వచ్చేలోపు ఒక కాగితం మీద అందరూ కలిసి రాసుకోవాల్సినవి ఉన్నాయి. ఏ లక్షణం కనిపిస్తే ఫోన్ చేయాలి, ఏది కనిపిస్తే ఫోన్ కూడా చేయకుండా బయలుదేరాలి, ఏ ఆస్పత్రికి, అర్ధరాత్రి ఏ బండిలో, డాక్టరు నంబరు, ఇంతకుముందు జరిగిన వైద్యం వివరాలు. డాక్టరునే రాసిమ్మని అడగవచ్చు, చాలామంది రాసిస్తారు. అందులో ఒక వాక్యం మీరు పట్టుబట్టి రాయించుకోండి: "అనుమానం వస్తే అమ్మ ఎవరినీ అడగకుండా తీసుకెళ్లవచ్చు, ఏమీ లేదని తేలినా ఎవరూ ఏమీ అనరు." ఆ రాత్రి మీకు లోటు పడింది ఈ అధికారమే. కూతురు "పొద్దున చూపిద్దాం" అంది, అంతకుముందు రెండుసార్లు తగ్గింది, ఊరికే హడావుడి చేసిందంటారేమోనన్న జంకు ఉంది. పిల్లవాణ్ని మీకు అప్పగించి, నిర్ణయం మాత్రం ఊళ్లో లేనివాళ్ల దగ్గర ఉంచితే, మళ్లీ అలాంటి రాత్రే వస్తుంది. ఆ వాక్యానికి వాళ్లు ఒప్పుకోకపోతే ఒంటరిగా ఉండటానికి మీరే ఒప్పుకోకండి.

మీ నాలుగింటి మెలకువ ఇంకో నెల దాకా తగ్గకపోతే, పగలు కూడా ఆ రాత్రే కళ్ల ముందు తిరుగుతుంటే, మీరూ ఒక డాక్టరుకు చూపించుకోండి. దానికి మందులూ ఉన్నాయి, మాటలతో చేసే వైద్యమూ ఉంది.

మత్తు ఇచ్చి చూడాలని ఈఎన్‌టీ డాక్టరు అంటే కంగారు పడకండి, అది ముందుగా తేదీ పెట్టుకుని చేసే పని. ఎన్ని గంటల ముందు నుంచి తినిపించకూడదో వాళ్లే చెబుతారు. ఆకలితో పిల్లవాడు పేచీ పెడతాడు, దానికి సిద్ధపడాలి. పాత డిశ్చార్జి కాగితం తప్పకుండా తీసుకెళ్లాలి, ఎంత సైజు ట్యూబు వేశారో అందులో ఉంటే వాళ్లకు పనికొస్తుంది. ఆ రోజుకు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. మత్తు ఎక్కేదాకా వాణ్ని పట్టుకుని కూర్చోవడానికి ఒకరు, కాగితాలు, కౌంటర్లు చూడటానికి ఇంకొకరు. అల్లుడికి సెలవు దొరక్కపోతే రెండో మనిషిగా మీరు వస్తానని చెప్పండి.